మూడు వారాల్లో వచ్చిన మరుపు వయసుది కాదు

ప్రశ్న: మా నాయినకు 74 ఏళ్లు. మాది మర్రిగూడ మండలం. మోకాళ్లు, నడుము పట్టేసి ఏళ్ల తరబడి నొప్పి గోలీలు వాడుతున్నడు. బీపీ గోలీ, గుండెకు ఆస్పిరిన్ కూడా ఉన్నయి. నిద్ర పట్టట్లేదంటే ఆర్‌ఎంపీ రాసిన ఆల్ప్రాజోలం రెండేళ్లుగా వేస్తున్నం. పోయిన నెల బాత్రూంల జారితే తల తలుపుకు తగిలింది, రక్తమేం రాలేదు. మూడు వారాల సంది అన్నీ మరుస్తున్నడు, పగలంతా మగతగా ఉంటున్నడు, అడుగు తడబడుతున్నది. ఫ్లోరైడ్ నీళ్లతో మెదడు దెబ్బతిన్నదా? జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పండి.

జవాబు: టానిక్ సంగతి తర్వాత. ముందు తలకు సీటీ స్కాన్ చేయించండి. ఇది చదివిన రోజే నల్లగొండ తీసుకెళ్లండి, ఆదివారం దాకా ఆగకండి.

వయసుతో వచ్చే మార్పు వారాల్లో రాదు. పక్కింటాయన పేరు అరగంట తర్వాత గుర్తుకొస్తుంది, లెక్క తేల్చడానికి టైం పడుతుంది. పాతికేళ్ల కింద ఎవరికి ఎంత అప్పిచ్చాడో మాత్రం తడుముకోకుండా చెప్తాడు. అది వయసు. పగలు మగత, తడబడే అడుగు, అదీ తలకు దెబ్బ తగిలాక, అది వేరే లెక్క. పెద్ద వయసులో మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, పైనున్న సన్నని రక్తనాళాలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే చిట్లి, రక్తం వారాల తరబడి మెల్లగా చేరవచ్చు. పైకి గాయం కనిపించదు. ఆస్పిరిన్ వాడేవాళ్లలో ఈ భయం ఇంకాస్త ఎక్కువ. మీ నాయినకు అదే అయిందని చూడకుండా నేను చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. వాంతులు, ఫిట్స్, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, లేపినా లేవకపోవడం ఉంటే వెంటనే 108.

ఇక ఆ నిద్ర గోలీ. రెండేళ్లా? ఒకసారి రాసిన చీటీతో మెడికల్ షాపు చుట్టూ ఇన్నాళ్లు తిరగడమే నాకు కోపం తెప్పించేది. ఈ వయసులో మందు ఒంట్లోంచి త్వరగా పోదు. మగత, మరుపు, తూలి పడడం, మూడూ దాని వల్లా రావచ్చు. ఆ రోజు బాత్రూంలో జారింది కూడా అందుకేనేమో. మొన్న ఒక పెద్దమ్మ గోలీల సంచి ఓపీలో నా బల్ల మీద కుమ్మరిస్తే ఒకే మందు రెండు పేర్లతో రెండు షీట్లు దొరికాయి. రెండూ వేసుకుంటోంది! అలాగని మీరు ఇవాళే ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. ఆస్పిరిన్ సంగతి కూడా స్కాన్ చూసిన డాక్టరే చెప్తారు.

నొప్పి గోలీలు బీపీ మందుతో కలిస్తే కిడ్నీల మీద పడతాయి. సోడియం తగ్గినా మనిషి తికమకపడతాడు. క్రియాటినిన్, సోడియం, షుగర్, బీ12, థైరాయిడ్, మూత్ర పరీక్ష చేయించండి.

ఫ్లోరైడ్ విషయానికొస్తే, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును బాగా దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకోవచ్చు. మీ మండలంలో ఇది నేను చెప్పాల్సిన పని లేదు. వెన్నులో నరం నొక్కుకుంటే నడక కూడా చెడుతుంది కాబట్టి డాక్టరుకు ఆ మాటా చెప్పండి. మూడు వారాల మరుపును మాత్రం దాని మీదికి నెట్టకండి.

టానిక్ కొనకండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న గోలీలన్నీ పట్టుకెళ్లండి, ఖాళీ షీట్లతో సహా.