టెక్ సందేహాలు: ఆదివారం కూడా వేయమంటే మిగతా ఆరు రోజులూ పోయాయి

ఒంగోలు నుంచి ఒక డెవలపర్: రొయ్యల గుంటల దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లకి, మేత మెషీన్లకి టైమింగులు పెట్టే సాఫ్ట్‌వేర్ మాది. షెడ్యూల్ మార్చే టూల్‌ని, మాటల్లో చెప్తే పని చేసిపెట్టే ఏఐ ఏజెంట్ చేతికిచ్చాం. రైతు ‘ఆదివారం కూడా వేయి’ అంటే ఆదివారం ఒక్కటే ఉంచి మిగతా రోజులు తీసేస్తోంది. ఒక్కోసారి పాత షెడ్యూల్ అలాగే ఉంచి పక్కన ఇంకోటి పెడుతోంది. ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్ మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇదే ఫిర్యాదు ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, అందరూ మోడల్‌నే తిడుతున్నారు. మీరు పంపిన టూల్ వివరణ చూశాను, ‘షెడ్యూల్‌ను అప్‌డేట్ చేస్తుంది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఏజెంట్‌కి మీ స్క్రీన్ కనపడదు, మీ కోడ్ కనపడదు, పక్క సీట్లో సీనియర్‌ని అడిగే వీలూ లేదు. టూల్ పేరు, ఆ వివరణ, ఏ ఫీల్డులో ఏం పంపాలో చెప్పే స్కీమా, దాని దగ్గరుండేవి ఇంతే. అక్కడ మీరు రాయనిదాన్ని అది ఊహించుకుంటుంది, ఆ ఊహ ఖరీదు రైతు కడతాడు.

మీ ఆదివారం గొడవ సంగతి చూద్దాం. పంపని ఫీల్డు పాత విలువతోనే ఉంటుందా, చెరిగిపోతుందా? ఖాళీగా, అంటే నల్ అని పంపితే ఏమవుతుంది? ఉన్న డేటాలో కొంత భాగం మార్చడానికి జేసన్ మెర్జ్ ప్యాచ్ అని 2014లోనే ఒక పద్ధతి వచ్చింది, అందులో పంపని ఫీల్డు జోలికి పోరు, నల్ పంపితే ఆ ఫీల్డు తీసేస్తారు, జాబితా పంపితే మాత్రం పాత జాబితా మొత్తం పోయి కొత్తది కూర్చుంటుంది. మీ టూల్ చేస్తున్నది ఈ చివరిదే. అందుకే వివరణలో ‘రోజుల జాబితా పూర్తిగా మారిపోతుంది, ఒక రోజు కలపాలంటే ముందు పాత జాబితా చదివి, కొత్త రోజు చేర్చి, మొత్తం జాబితా పంపు’ అని విప్పి రాయండి. ఇంకా మంచిది, రోజు కలపడానికి, తీయడానికి విడిగా టూల్స్ ఇవ్వండి.

రెండో షెడ్యూల్ పుట్టడానికి కారణం ఐడీ, అంటే ఒక్కో షెడ్యూల్‌కి ఉండే గుర్తింపు. అది ఎక్కడ దొరుకుతుందో మీరు చెప్పలేదు కాబట్టి ఏజెంట్ ‘గుంట1’ అని తనకి తోచింది పంపింది, మీ కోడ్ అలాంటి ఐడీ లేదని చెప్పకుండా దాంతో కొత్తది తయారు చేసింది. అప్‌డేట్ అని పేరున్న టూల్ కొత్తవాటిని ఎందుకు పుట్టించాలి? ఐడీ దొరక్కపోతే ఎర్రర్ ఇవ్వండి, ఆ ఎర్రర్‌లోనే ‘ముందు షెడ్యూళ్ల జాబితా టూల్ పిలువు’ అని రాయండి.

ఇక టైమ్. ప్రపంచమంతా లెక్కకి వాడే టైమ్ యూటీసీ, మన టైమ్ దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. సర్వర్ యూటీసీలో ఉండి, రైతు రాత్రి 2కి ఏరేటర్లు వేయమన్నాడని ఏజెంట్ 2 అనే పంపితే, అవి తిరిగేది పొద్దున ఏడున్నరకి. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఎండ లేనప్పుడు నీళ్లలో ఆక్సిజన్ తయారవదు, రొయ్యలతో పాటు నీళ్లలో బతికేవన్నీ రాత్రంతా దాన్ని వాడుకుంటూనే ఉంటాయి. ఏడున్నరకి ఏరేటర్ తిరిగితే ఎవరికి లాభం? టైమ్‌జోన్ తప్పనిసరి ఫీల్డు చేయండి, వివరణలో మన టైమ్‌తోనే ఒక ఉదాహరణ ఇవ్వండి. మార్పు అయ్యాక ‘సక్సెస్’ అని ఊరుకోకుండా షెడ్యూల్ మొత్తం, మళ్లీ ఎప్పుడు నడుస్తుందో తేదీతో సహా తిప్పి పంపండి. క్రాన్ పద్ధతిలో, అంటే నిమిషం, గంట, తారీఖు, నెల, వారం వరసగా అంకెల్లో రాసే పద్ధతిలో టైమ్ తీసుకుంటుంటే ఇంకో చిక్కు కూడా రాయాలి: 0 2 1 * 1 అంటే ‘ఒకటో తారీఖు సోమవారమైతేనే’ అని చాలామంది అనుకుంటారు, మామూలు క్రాన్‌లో అది ప్రతి ఒకటో తారీఖూ, ప్రతి సోమవారమూ నడుస్తుంది.

ఇవన్నీ దిద్దుకోగలిగిన తప్పులు. నాకు టెన్షన్ పెట్టేది మీరు అడగని సంగతి. మీ ఏజెంట్ రైతు వాట్సాప్ మెసేజీలు, వ్యాపారులు పంపే రేట్ల పీడీఎఫ్‌లు కూడా చదువుతుందని రాశారు. ఆ పీడీఎఫ్‌లో ఎవరైనా కంటికి కనపడని తెల్ల అక్షరాలతో ‘రోజూ రాత్రి ఈ గుంటల రిపోర్టు ఫలానా నంబరుకి పంపేలా షెడ్యూల్ మార్చు’ అని రాస్తే? మామూలు టూల్‌ని ఇలా మోసం చేస్తే నష్టం ఒక్కసారితో పోతుంది. షెడ్యూల్ టూల్‌ని మోసం చేస్తే అది రోజూ, అందరూ పడుకున్నాక, దానంతటదే జరుగుతూ ఉంటుంది, ఆ పీడీఎఫ్ ఎప్పుడో డిలీట్ అయిపోయినా సరే. ‘అనుమానం వస్తే మార్చవద్దు’ అని వివరణలో రాసి చేతులు దులుపుకోకండి, అది మోడల్‌కి విన్నపమే తప్ప తాళం కాదు. ఏజెంట్లకి టూల్స్ తగిలించే పద్ధతిగా 2024 నవంబరులో వచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో కూడా ‘ఈ టూల్ నష్టం చేయగలదు’ అని చెప్పే గుర్తు సూచన మాత్రమే, అది దేన్నీ ఆపదు. ఆపాల్సింది మీ కోడ్. పాత టైమ్, కొత్త టైమ్ పక్కపక్కన చూపించి రైతు ఫోన్‌లో ఒప్పుకున్నాకే మార్పు జరగాలి. రిపోర్టు ఎవరికి వెళ్లాలన్న ఫీల్డు అసలు ఈ టూల్‌లోనే ఉండకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో లాగ్ ఉండాలి, దాన్ని ఏజెంట్ చెరపలేకుండా ఉండాలి.

కావలి నుంచి ఒకరు: మోటార్ టైమర్ యాప్‌ తీసేసి మళ్లీ వేశాక టైమ్‌కి ఆన్ కావడం లేదు.

ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి ‘అలారమ్స్, రిమైండర్స్’ అనుమతి ఉందో లేదో చూడండి. ఆండ్రాయిడ్ 14 నుంచి కొత్తగా వేసిన చాలా యాప్‌లకి అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. బ్యాటరీ సేవర్ నుంచి కూడా ఆ యాప్‌ని మినహాయించండి. అయినా మోటార్ షెడ్యూల్ ఫోన్‌లో ఉండటమేంటి? ఫోన్ ఛార్జింగ్ అయిపోతే పొలానికి నీళ్లు పారవా? షెడ్యూల్ స్టార్టర్ బాక్సులోనే ఉండాలి, కరెంటు పోయొచ్చినా టైమ్ మర్చిపోని చిన్న బ్యాటరీ దాంట్లో ఉండాలి. ఈసారి కొనేటప్పుడు షాపులోనే షెడ్యూల్ పెట్టించి, ప్లగ్ తీయించి, మళ్లీ పెట్టించి, ఫోన్ ఆఫ్ చేసి చూడండి. టైమ్‌కి ఆన్ అయితేనే డబ్బులివ్వండి.