బాల్‌రూమ్ సరే, పడకలెక్కడ?

తమ్ముడూ,

బ్రిటిష్ ప్రయాణికుల ఓడ క్వీన్ మేరీ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది, కానీ సగం పేజీలు బాల్‌రూముకీ భోజనాల హాలుకీ ధారపోశావు. అవి కంపెనీ వాళ్ల బ్రోషర్‌లోనూ దొరుకుతాయి కదా.

ఓడ కట్టిన స్కాట్లండ్ ఊరు క్లైడ్‌బ్యాంక్‌లో మొదలుపెట్టు. 1931 డిసెంబరులో మాంద్యం దెబ్బకి డబ్బులు ఆగిపోయి, సగం కట్టిన ఓడ రెండేళ్లకు పైగా అలాగే నిలబడిపోయింది, వేలమందికి పని పోయింది. అప్పటికి దానికి పేరు కూడా లేదు, 534 అన్న నంబరే. 1936లో తొలి ప్రయాణం, అదే ఏడు వేగంలో రికార్డు. దానికి ఒక్క లైను చాలు.

యుద్ధం దగ్గర మాత్రం తొందరపడ్డావు. 1943 జూలైలో ఒక్క ప్రయాణంలో 16,683 మంది అని రాసి, ఆశ్చర్యార్థకం పెట్టి వెళ్లిపోయావు! శాంతికాలంలో రెండు వేల చిల్లర మంది ఎక్కే ఓడ అది. మరి ఇంతమంది ఎక్కడ పడుకున్నారు, ఎప్పుడు తిన్నారు? ఈతకొలనులో కూడా మంచాలు వేశారు, వంతులవారీగా నిద్రపోయారు, ఎవరు ఏ భాగంలో ఉండాలో తెలియడానికి ఎరుపు, తెలుపు, నీలం బ్యాడ్జీలు ఇచ్చారు. పాఠకుడికి కావలసింది ఇదీ.

కురసోవా అనే బ్రిటిష్ యుద్ధనౌక (క్రూయిజర్) సంగతి ఒక్క ముక్కలో తేల్చేశావు, అది నాకు నచ్చలేదు. 1942 అక్టోబరు 2న, ఐర్లండ్ దగ్గర, జలాంతర్గాముల భయంతో వంకరటింకరగా వెళ్తున్న క్వీన్ మేరీ తనకు కాపలాగా వచ్చిన ఆ క్రూయిజర్‌నే ఢీకొట్టి రెండు ముక్కలు చేసింది. అవతలివాళ్లే తప్పుకుంటారని ఎవరికి వాళ్లు అనుకున్నారు. క్వీన్ మేరీలో వేలమంది సైనికులు, ఆగకూడదని ఆదేశం, ఆగలేదు. క్రూయిజర్‌లోని 330 మందికి పైగా చనిపోయారు. తర్వాత కోర్టులు మూడింట రెండొంతుల తప్పు క్రూయిజర్‌దనీ, ఒక వంతు క్వీన్ మేరీదనీ తేల్చాయి. కాబట్టి కెప్టెన్‌ని విలన్ చేసి కన్నీళ్లు పిండొద్దు, ఆ లెక్క ఉన్నదున్నట్టు రాయి.

ఇంకోటి, 1946లో అమెరికా సైనికులను పెళ్లాడిన బ్రిటిష్ అమ్మాయిలు, చంటిపిల్లలతో సహా ఇదే ఓడలో అట్లాంటిక్ దాటారు. వాళ్ల ఊసే లేదేం? జెట్ విమానాలొచ్చి ఓడ ప్రయాణికులు తగ్గడం, 1967లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ చేరి ఓడ అక్కడే ఉండిపోవడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే, కుదించెయ్. బాల్‌రూమ్‌ని రెండు పేరాలకు తగ్గించి నెలాఖరులోగా మళ్లీ పంపు.