తాతయ్య కేక వేయడు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. పొద్దున్నే పేపరు చదువుతున్న తాతయ్యకు కుడికన్ను ఉన్నట్టుండి చీకటైపోవడం బాగుంది. ఆయన కన్ను పట్టుకుని బాధతో కేకలు వేయడం మాత్రం కొట్టేయి. రెటీనాకు, అంటే కంటి వెనుక వెలుగును పసిగట్టే పొరకు, రక్తం తెచ్చే ధమని పూడుకుపోతే సాధారణంగా నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు. అందుకే మనుషులు కళ్లజోడు తుడుచుకుంటారు, ముఖం కడుక్కుంటారు, కాసేపు పడుకుంటే సర్దుకుంటుందంటారు. మా బావగారికి శనివారం చూపు పోయింది. డాక్టరు సోమవారం వస్తారు కదా అని ఇంట్లోనే కూర్చున్నారు. ఆ నిబ్బరం రాయి. తాతయ్య ఎడమ కన్నును అరచేత్తో మూసి గోడవైపు చూస్తే తిథులే కాదు, క్యాలెండరే కనిపించకూడదు.

ఇక వైద్యం. నీ డాక్టరు చుక్కల మందు వేసి సాయంత్రానికి చూపు తెప్పించాడు. అంత ఉదారం వద్దు. ఇది కంటికొచ్చిన పక్షవాతం, అంటే స్ట్రోక్. వయసు మీరిన కోతులపై చేసిన ప్రయోగాల్లో 97 నిమిషాలు రక్తం ఆగినా రెటీనా తట్టుకుంది, 240 నిమిషాలకు కోలుకోలేనంత దెబ్బతింది. కనుగుడ్డును మర్దన చేయడం, కంటి లోపలి నీటిని సూదితో కొంచెం తీయడం పాత పద్ధతులే కానీ, వాటితో చూపు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ధమనిలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ కొన్ని స్ట్రోక్ కేంద్రాలు నాలుగున్నర గంటల్లోపు వచ్చినవారికి ఇస్తాయి. దాని ఫలితంపై కూడా వైద్యులది ఒకే మాట కాదు.

మరి 108 ఎందుకు పిలవాలంటావా? కంటికి గడ్డను పంపిన మెడ ధమనో, లయ తప్పిన గుండో రేపు మెదడుకూ పంపవచ్చు. ఆ ముప్పు మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువ. కాబట్టి తాతయ్యను కళ్లజోళ్ల షాపుకు కాదు, స్ట్రోక్ చూసే ఆసుపత్రికి పంపు. మెడ స్కానింగు, ఈసీజీ, ఎమ్మారై అక్కడే జరుగుతాయి.

ఇంకొకటి. నీకు మలుపు కావాలంటే రెండో పేజీలోనే ఒక వాక్యం దాచు: వారం రోజులుగా ఆయన జంతికలు నమిలితే దవడ లాగుతోందని, దువ్వెన తగిలితే నెత్తి మండుతోందని పక్కన పెట్టేస్తున్నారు. యాభై దాటినవారిలో అరుదుగా ధమనుల వాపు ఇలా బయటపడుతుంది. దాన్ని అనుమానించిన డ్యూటీ డాక్టరు రక్తపరీక్షల ఫలితం కోసం ఆగకుండా స్టెరాయిడ్లు మొదలుపెడతాడు. పోయిన కుడికన్ను కోసం కాదు, మిగిలిన ఎడమ కన్ను కోసం.

ఆ డ్యూటీ డాక్టరు పాత్ర నీ కథలో లేదు. రాసి పంపు.