కన్నీళ్ల పాట, దొంగ వీలునామా

ప్రశ్న: మా మనవరాలు ఫోన్లో 'ఓ మియో బబ్బీనో కారో' అనే ఇటలీ పాట వినిపించింది. ముక్క అర్థం కాకపోయినా ఏడుపొచ్చింది. అది ప్రార్థనా గీతమా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ప్రార్థన కాదమ్మా, బెదిరింపు! కోరుకున్నవాడితో పెళ్లి చేయకపోతే ఆర్నో నదిలో దూకుతానని కూతురు తండ్రిని బతిమాలుతోంది. ఇటలీ సంగీతకర్త పుచ్చీని స్వరపరిచిన 'జాన్ని స్కిక్కి' అనే ఒపేరా (పాటలతో నడిచే నాటకం)లోది. 1918లో న్యూయార్క్‌లో మొదట ఆడారు. మొత్తం కలిపి గంట, అదీ నవ్వుల నాటకం.

బువోసో అనే ధనికుడు ఆస్తంతా మఠానికి రాసి పోయాడు. అది చదివాకగానీ బంధువులకు నిజం ఏడుపు రాలేదు! మన పాటలోని కూతురు కోరుకున్నవాడు ఆ బంధువుల్లో ఒకడే. ఆమె కోసం కరిగిన తండ్రి స్కిక్కి, శవాన్ని తప్పించి తానే మంచమెక్కి, బువోసో గొంతుతో నోటరీకి కొత్త వీలునామా చెబుతాడు. అంతకుముందే బంధువులను హెచ్చరిస్తాడు: ఈ మోసం బయటపడితే కథ జరిగే ఫ్లోరెన్సు నగర చట్టం చెయ్యి నరికి ఊరు వెళ్లగొడుతుంది. ఇక మొదలు. మేలైన కంచరగాడిద, ఊళ్లో ఇల్లు, సిన్యా ఊళ్లోని పిండిమరలు అన్నీ 'నా మిత్రుడు స్కిక్కికే'! వాళ్లందరూ తేలు కుట్టిన దొంగల్లా నోరు మూసుకుంటారు. బరంపురంలో మా ఇంట్లో ఇది చూస్తూ మా ఆవిడ, "మన గంజాం భూముల తగాదాలా ఉందే" అంది.

ఇటలీ కవి దాంతే తన కావ్యంలో ఈ స్కిక్కిని నరకంలో పడేశాడు. చివర్లో స్కిక్కి మనవైపు తిరిగి, మీకు సరదాగా అనిపిస్తే శిక్ష తగ్గించండని అడుగుతాడు. నేను తగ్గించాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.