అత్త కుండ, కోడలి కుండ

ప్రశ్న: నమస్కారమండీ. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడిది మ్యాక్‌బుక్, నాది విండోస్ ల్యాప్‌టాప్. నాది అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అడిగితే "ఆ కంపెనీకి మనుషుల టైమంటే లెక్కలేదు" అంటాడు. వాడిది అరగంటసేపు నల్ల తెర మీద ఆపిల్ బొమ్మ పెట్టుకుని కూర్చుంటే "సెక్యూరిటీ ముఖ్యం కదా" అంటాడు. నాది హ్యాంగైతే విండోస్ బతుకే అంత. వాడిది హ్యాంగైతే ఆ యాప్ రాసినవాడికి చేతకాలేదు. నాది నెమ్మదించడానికి కారణం ఆఫీసువాళ్లు ఎక్కించిన యాంటీవైరస్ అని ఎన్నిసార్లు చెప్పినా వినడు. అసలు అంత డబ్బు పోసి, ర్యామ్ కూడా మార్చుకోవడానికి వీల్లేని పెట్టె కొన్నది వాడు! అది ఆ కంపెనీ అహంకారం కాక ఏమిటి? వాడి నోరు మూయించే జవాబొకటి చెప్పండి.

జవాబు: అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నట్టుంది మీ మిత్రుడి తీర్పు. కాకపోతే ఉత్తరం రెండోసారి చదివితే మీ చేతిలోనూ ఓ పెంకు కనిపించింది. మీ మెషీన్ నెమ్మదిస్తే యాంటీవైరస్ కారణం, ఆయన మెషీన్లో ర్యామ్ మారకపోతే మాత్రం కంపెనీ అహంకారం. మీ ల్యాప్‌టాప్ అడుగు మూత ఎప్పుడైనా విప్పించి చూశారా? పల్చటి విండోస్ ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి వస్తుంది. మైక్రోసాఫ్ట్ తన సొంత సర్ఫేస్ ల్యాప్‌టాప్‌ని 2017లో తెచ్చినప్పుడు, దాన్ని విప్పి చూసిన ఐఫిక్సిట్ అనే వెబ్‌సైట్ వాళ్లు రిపేరు విషయంలో పదికి సున్నా మార్కులేశారు.

ఇక మీ మిత్రుడి సంగతి. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలి అన్నారు. ఆ తరం మొదలైంది 2017లో. బాగా పనిచేస్తున్న కంప్యూటర్లను చెత్తలో వేయమంటారా అని పెద్ద గొడవైంది. మరుసటి ఏడాది వచ్చిన మ్యాక్‌ఓఎస్ వెంచురా 2017కి ముందు మోడళ్లన్నిటినీ వదిలేసింది. అప్పుడు అంత గొడవ నా చెవిన పడలేదు. పైగా విండోస్ 10కి 2025 అక్టోబర్ 14 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చాయి. ఆపిల్ అయితే కొత్త వెర్షన్ వచ్చాక పాతదానికి మామూలుగా మరో రెండేళ్లు ఇస్తుంది. ఇది చెప్పి చూడండి, "పాత హార్డ్‌వేర్‌ని ఎంతకాలమని మోస్తారు?" అంటారాయన. సబబైన మాటే. మైక్రోసాఫ్ట్ విషయంలోనూ అదే మాట అనమనండి.

హ్యాంగుల దగ్గరా ఇంతే. 2024 జూలై 19న ప్రపంచమంతా, విండోస్ కుప్పకూలితే వచ్చే నీలి తెరలు కనిపించాయి, విమానాలు ఆగాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల విండోస్ మెషీన్లు పడ్డాయి. "విండోస్ మళ్లీ పడింది" అన్నవాళ్లే ఎక్కువ. చెడ్డ అప్‌డేట్ పంపింది మాత్రం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ. అలాగని మైక్రోసాఫ్ట్‌ని పూర్తిగా వదిలేయక్కర్లేదు. బయటివాళ్ల కోడ్ కెర్నెల్ లోపల, అంటే సిస్టమ్ గుండెకాయలో, నడవడానికి అందులో దారి ఉంది, ఆపిల్ ఆ దారిని 2019 నుంచీ మూసుకుంటూ వచ్చింది. మీ మిత్రుడు ఈ పాయింట్ మీద వాదిస్తే నేను ఆయన పక్షమే. "విండోస్ బతుకే అంత" అంటే మాత్రం కాదు.

చాలాకాలం నా ఉద్యోగం ఆఫీసుల్లో కంప్యూటర్లు బాగుచేయడం. ఆఫీసు ఇచ్చిన మెషీన్ మొరాయిస్తే ఫోన్లో మొదటి మాట "మీ కంప్యూటర్ పాడైంది" అని. అదే మనిషి తను ఏరికోరి కొనుక్కున్నది పట్టుకొస్తే, "నేనే ఏదో నొక్కేసుంటాను, కాస్త చూద్దురూ" అని బతిమాలే గొంతు. ఆ గొంతు విని, డబ్బు ఎవరు పెట్టారో చెప్పేసేదాన్ని. 1956లో జాక్ బ్రెమ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు ఆడవాళ్లతో గృహోపకరణాలకి మార్కులు వేయించి, వాటిలో రెండు చూపించి ఒకటి తీసుకోమన్నాడు. మళ్లీ మార్కులు వేయమంటే తీసుకున్నదానికి పెరిగాయి, వదిలేసినదానికి తగ్గాయి. వస్తువులు అవే, ఎంపిక ఒక్కటే మధ్యలో జరిగింది. మీ మిత్రుడు కాపాడుకుంటున్నది మ్యాక్‌ని అనుకుంటున్నారు మీరు. నన్నడిగితే, దాన్ని కొన్నరోజు తను చేసిన నిర్ణయాన్ని.

నోరు మూయించే జవాబు నా దగ్గర లేదు, ఒక ఆట ఉంది. ఇద్దరి మెషీన్లకి వచ్చిన తిప్పలు చీటీల మీద రాయండి, ఏది ఎవరిదో రాయకుండా. "మీటింగ్ మధ్యలో రీస్టార్ట్ అడిగింది." "మూత తెరిస్తే బ్యాటరీ ఖాళీ." "ప్రింటర్ కనిపించట్లేదంది." మూడో మనిషి కలిపి చదివితే, మీరిద్దరూ ఒక్కోదానికి పదికి ఎంత చిరాకో మార్కు వేయండి. తర్వాత పేర్లు చెప్పుకోండి. మార్కులు దిద్దుకోవడానికి ఎవరు ముందు పెన్ను తీస్తారో చూడాలని నాకూ ఉంది.

ప్రశ్న: బ్రాండ్ పేరు తెలియకపోతే నిజంగానే అభిప్రాయం మారిపోతుందంటారా?

జవాబు: మైక్రోసాఫ్టే చేసి చూపించింది. 2007లో వచ్చిన విండోస్ విస్టాకి చెడ్డపేరు బాగా పాకింది. మరుసటి ఏడాది, విస్టా అంటే మంచి అభిప్రాయం లేనివాళ్లని పిలిచి "మొహావి" అనే కొత్త సిస్టమ్ చూపిస్తున్నామన్నారు. చూసినవాళ్లు బాగుందన్నారు. అప్పుడు చెప్పారు, ఇది విస్టాయే అని. ఆ ముఖాలతోనే ప్రకటనలు తీశారు.

అయితే ఆ ప్రకటన చూసి నేను మురిసిపోలేదు. మంచి ల్యాప్‌టాప్ మీద, వాళ్ల మనిషే నడుపుతూ కాసేపు చూపించాడు. విస్టాతో జనం పడ్డ బాధలు పాత ప్రింటర్‌కి డ్రైవర్ (దాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) దొరక్కపోవడం, తక్కువ ర్యామ్ మెషీన్ మీద నత్తనడక, మాటిమాటికీ అనుమతి అడిగే పెట్టెలు. అవి కాసేపటి ప్రదర్శనలో ఎక్కడ బయటపడతాయి? పేరు మీద ద్వేషం నిజమే, తిట్టడానికి కారణాలూ నిజమే.

ప్రశ్న: కంపెనీలే ఎదుటివాళ్లని వెక్కిరించి, తర్వాత అదే పని చేస్తాయి. అభిమానులకి పట్టదేం?

జవాబు: పడుతుంది, కానీ కొత్త వాదన సిద్ధమయ్యాక. 1998లో ఆపిల్ ఇంటెల్ పెంటియమ్ 2 చిప్‌ని నత్త వీపు మీద పెట్టి ప్రకటన తీసింది. 2005 జూన్‌లో స్టీవ్ జాబ్స్ వేదికెక్కి ఇక మ్యాక్‌లలో ఇంటెలే అన్నారు. నిన్నటిదాకా మ్యాక్‌లలో ఉన్న పవర్‌పీసీ చిప్పే గొప్పని నాతో గంటలు వాదించిన ఓ సహోద్యోగి, ఆ మర్నాటి నుంచి ఇంటెల్ తక్కువ కరెంటు వాడకం గురించి పాఠం మొదలుపెట్టాడు. 2020లో ఆపిల్ సొంత ఎం1 చిప్ వచ్చింది, ఇంటెల్ మళ్లీ నత్తయింది. ఎం1 నిజంగా గొప్ప చిప్పే లెండి. ఆయన మాత్రం మూడుసార్లూ ఒకే నమ్మకంతో మాట్లాడాడు.

అవతలి పక్షం తక్కువ తినలేదు. 2020 అక్టోబర్‌లో ఐఫోన్ 12 పెట్టెలో ఛార్జర్ లేకపోతే శాంసంగ్ ఎగతాళి చేసింది. 2021 జనవరిలో వచ్చిన దాని గెలాక్సీ ఎస్21 పెట్టెలోనూ ఛార్జర్ లేదు.

ప్రశ్న: నేను వాడేది విండోసూ మ్యాకూ కాదు, లినక్స్ సిస్టమ్. మాలో ఈ జబ్బు లేదని సవినయంగా మనవి.

జవాబు: సవినయంగానే అడుగుతున్నాను. మీ ల్యాప్‌టాప్‌లో వైఫై పనిచేయకపోతే తప్పెవరిది? డ్రైవర్ ఇవ్వని చిప్ కంపెనీది. విండోస్‌లో అదే కంపెనీ డ్రైవర్ వల్ల నీలి తెర వస్తే? ఆగండి, జవాబు రాసి పంపక్కర్లేదు.

ఒక్క విషయంలో మీవాళ్లకి దండం పెడతాను. 2012లో ఉబుంటు అనే లినక్స్ రకం తన 12.10 వెర్షన్ డెస్క్‌టాప్ వెతుకులాటలో అమెజాన్ సరుకులు చూపిస్తే, అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా తిట్టింది లినక్స్ వాళ్లే. 2016లో వచ్చిన 16.04లో అది మామూలుగా ఆపేసి ఉంది. అభిమానం ఉండి కూడా అలా తిట్టేవాళ్లు ఏ కంపెనీకైనా దొరకడం కష్టం.

ప్రశ్న: మా అమ్మాయికి కంప్యూటర్ కొనాలి. ఇంట్లో ఇద్దరు నిపుణులు, రెండు మతాలు. ఎవరి మాట వినను?

జవాబు: ఇద్దరినీ విడివిడిగా ఒకటే అడగండమ్మా: "నీ దాంట్లో నీకు చిరాకు తెప్పించేది ఏమిటి?" వెంటనే మూడు చెప్పగలిగినవాడికి తన మెషీన్ తెలుసు. "ఏమీ లేదు" అన్నవాణ్ణి పెట్టె మోయడానికి పిలవండి. ఈలోగా అమ్మాయి కాలేజీలో ఏ సాఫ్ట్‌వేర్ వాడమంటారో కనుక్కోండి, సగం చర్చ అక్కడే తేలిపోతుంది.