సమాధానం: జామెట్రీలో ఏ గ్రేడ్, ఆల్జీబ్రా 2 ఆనర్స్‌లో తడబాటు. రెగ్యులర్‌కి మార్చాలా?

జామెట్రీలో ఏ గ్రేడ్ తెచ్చుకున్న మీ బాబు ఆల్జీబ్రా 2 ఆనర్స్‌లో (అంటే కాస్త కష్టమైన లెవెల్‌లో) తడబడుతున్నాడు, మామూలు లెవెల్ అయిన రెగ్యులర్‌కి మార్చాలా అని అడిగారు. చాలావరకు ఆల్జీబ్రా లేకుండా మధ్యలో గడిచిన ఏడాదే అడ్డం అండీ. అమెరికాలో చాలా హైస్కూళ్లలో ఆల్జీబ్రా 1 తర్వాత జామెట్రీ, ఆ తర్వాతే ఆల్జీబ్రా 2. ఏడాదంతా త్రిభుజాలు, ప్రూఫ్‌లు చేసేసరికి ఫ్యాక్టరింగ్ (కారణాంకాలుగా విడగొట్టడం) చేయి తప్పిపోతుంది. లెవెల్ మార్చే ముందు ఇది చూడండి.

1. పైన ఎక్స్ స్క్వేర్ − 9, కింద ఎక్స్ స్క్వేర్ − 3ఎక్స్ భిన్నంగా రాసి సింప్లిఫై చేయమనండి.

2. పైనా కిందా ఎక్స్ స్క్వేర్ కొట్టేశాడంటే లోపం అక్కడే. ముందు ఫ్యాక్టర్లుగా విడగొట్టాలి: పైన (ఎక్స్ + 3)(ఎక్స్ − 3), కింద ఎక్స్(ఎక్స్ − 3). అప్పుడే ఎక్స్ − 3 కొట్టేయాలి. మిగిలేది పైన ఎక్స్ + 3, కింద ఎక్స్. ఎక్స్ విలువ 0 గానీ 3 గానీ కాకూడదని పక్కనే రాయాలి.

3. తప్పు చేస్తే ఆల్జీబ్రా 1 ఫ్యాక్టరింగ్ రోజూ కాసేపు చేయించండి. అందరూ కొత్త చాప్టర్‌కే ట్యూషన్ పెట్టిస్తారు, ఈ పాతదాన్ని వదిలేస్తారు.

4. సరిగ్గానే చేస్తే టెస్ట్ పేపర్ తీసుకుని టీచర్‌తో మాట్లాడండి.

లెవెల్ మార్చడానికి గడువెప్పుడో, ఇప్పటి గ్రేడ్ కొత్త క్లాసుకి వెంట వస్తుందో లేదో స్కూల్ కౌన్సెలర్‌ని ఈ వారమే అడగండి.