విజిల్ రాని కుక్కర్, తీసేయమన్న రివ్యూ

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఐదు లీటర్ల కుక్కర్ కొన్నాను. పప్పు పెడితే విజిల్ రాలేదు, కాసేపటికి పక్కనుంచి ఆవిరి చిమ్మి, మూత ఎగిరి గట్టు మీద పడింది, పప్పంతా గోడకే. ఆ టైంలో నేను హాల్లో ఉన్నాను కాబట్టి బతికిపోయాను. ఒక్క స్టార్ ఇచ్చి, ఫొటో పెట్టి రివ్యూ రాశాను. ఇప్పుడు అమ్మినాయన రోజూ మెసేజ్‌లు: ‘రివ్యూ తీసేయండి మేడమ్, డబ్బు వాపసు ఇస్తాం, పైన 500 కూడా పంపుతాం’ అని. గొడవెందుకు తీసెయ్యి అంటారు మా వారు. తీసేయాలా? అసలు నా ఒక్క రివ్యూతో ఒరిగేదేంటి?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: తీసేయకండమ్మా. పాడైన వస్తువుకు డబ్బు వాపసు అడగడం మీ హక్కు, దానికీ రివ్యూకీ ముడిపెట్టడం ఆయన తెలివి. ఒరిగేదేంటి అంటున్నారు కదా, ఏమీ ఒరగకపోతే ఆయన ఎదురు 500 ఎందుకిస్తాడు? ఆ మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, పనికొస్తాయి.

అయితే మీ రివ్యూని ఒకసారి తిరగరాయండి. మనవాళ్లలో చాలామంది కోపంలో ‘వరస్ట్ ప్రొడక్ట్, ఎవరూ కొనకండి’ అని రాసి వదిలేస్తారు. అది చదివి పక్కవాడు కొనడం మానేస్తాడేమో గానీ, తప్పు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. కుక్కర్ పనిచేసే తీరు మీకు తెలిసిందే, ఆవిరి ఎక్కువైతే వెయిట్ లేచి విజిల్ వస్తుంది, పప్పు నురగ అడ్డంపడి వెయిట్ కిందున్న గొట్టం మూసుకుపోతే మూత మీదున్న సేఫ్టీ వాల్వ్ కరిగిపోయి ఆవిరిని బయటికి వదలాలి. మీ ఇంట్లో వెయిటూ లేవలేదు, వాల్వూ కరిగినట్టు లేదు, మూతే లేచిపోయింది. ఈ ముక్కే రాయాలి. వాల్వ్ కరిగిందా లేదా, గాస్కెట్ ఎక్కడ దొరికింది, చిరిగిందా, కొని ఎన్నాళ్లయింది, ఎంత పప్పు పోశారు, మంట ఎంత పెట్టారు. పప్పులాంటి నురగొచ్చేవి సగానికి మించి పోయకూడదంటారు, మీరు మించి పోసుంటే ఆ సంగతీ దాచకుండా రాసెయ్యండి, అప్పుడే మిగతాది నమ్ముతారు.

ఇక అసలు సంగతి. రివ్యూ చదివేది రేపు కొనబోయేవాళ్లు. అమ్మకం ఆపించగలిగేవాళ్లు దాన్ని పనిగట్టుకుని చదువుతారన్న గ్యారంటీ లేదు. పైగా ఆ పేజీ ఎత్తేసి అదే కుక్కర్‌ని ఇంకో పేరుతో పెడితే మీ రివ్యూ దాంతోపాటే పోతుంది. అందుకని అవే మాటల్ని ఇంకో రెండు చోట్ల కూడా పెట్టండి.

మొదటిది బీఐఎస్ కేర్ యాప్, వస్తువుల నాణ్యతా ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌ది. కుక్కర్లకు ఐఎస్‌ఐ మార్కు 2021 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి. మార్కు పైన ఐఎస్ 2347 అనీ, కింద సీఎం/ఎల్ అని ఉండి ఒక లైసెన్స్ నంబరూ ఉండాలి. ఆ నంబర్ని యాప్‌లో కొడితే లైసెన్స్ ఎవరి పేరు మీదుందో, ఇంకా నడుస్తోందో లేదో చూపిస్తుంది. అక్కడ కనబడే కంపెనీ వేరు, మీ డబ్బా మీదున్న పేరు వేరు అయితే సగం కథ మీకు అక్కడే తెలిసిపోతుంది. అసలు మార్కే లేకపోతే ఇంకా చెప్పక్కర్లేదు. ఫిర్యాదు కూడా ఆ యాప్‌లోనే ఇవ్వొచ్చు.

రెండోది 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్‌లో చెప్పలేనంత ఉంటే వాళ్ల పోర్టల్‌లో ఫొటోలు, బిల్లు, ఆ 500 మెసేజ్ అన్నీ జతచేయండి. వాళ్లు ముందు కంపెనీకి పంపి జవాబడుగుతారు, అక్కడితో తేలకపోతే కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్లే దారి ఎటూ ఉంది.

‘ఇవన్నీ చెత్తబుట్టలోకేగా’ అంటారేమో మీవారు. సరిగ్గా మీ కుక్కర్ సంగతే చెప్తాను. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, అదే సీసీపీఏ, ప్రమాణాలకు సరిపోని కుక్కర్లు అమ్మనిచ్చారని అమెజాన్‌కు, ఫ్లిప్‌కార్ట్‌కు చెరో లక్ష జరిమానా వేసింది. లక్ష వాళ్లకు టీ ఖర్చు, అది పక్కన పెట్టండి. అసలు దెబ్బ ఎక్కడంటే, అమెజాన్‌లో కొన్న 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్‌లో కొన్న 598 కుక్కర్లు, కొన్నవాళ్లందరికీ కబురు పెట్టి వెనక్కి తీసుకుని డబ్బులిచ్చేయమంది. వాళ్లు దానిమీద కోర్టుకెక్కారనుకోండి. కానీ ఎవరింట్లో ఏ కుక్కర్ ఉందో లెక్క తీసి ఫోన్ చేయగలిగేది ఆ సైట్ ఒక్కటే అన్న సంగతి అక్కడ తేలిపోయింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రమాదకరమైన వస్తువుల్ని వెనక్కి రప్పించే అధికారం సీసీపీఏకి ఇచ్చింది. సీసీపీఏ తనంతట తానూ కదలొచ్చు గానీ, ఫిర్యాదుంటే కదిలించడం తేలిక.

ఇంకోటి, కుక్కర్‌ని ఇప్పుడే వెనక్కి ఇచ్చెయ్యకండి. పికప్ కుర్రాడు వచ్చి సంచిలో వేసుకుపోయాడంటే మీ దగ్గర మిగిలేది ఫొటోలే. ఎవరికైనా కాలి, కేసు దాకా వెళ్లాల్సొస్తే, కమిషన్ ఆ వస్తువుని ల్యాబ్‌కి పంపి పరీక్ష చేయించగలదు, వస్తువు చేతిలో ఉంటేనే. మీకేమీ కాలేదు కాబట్టి, మూత లోపలా బయటా, గాస్కెట్, వాల్వ్, అడుగున నంబర్ అన్నీ దగ్గర్నుంచి ఫొటోలు తీసి, ఫిర్యాదు నంబర్ చేతికొచ్చాక అప్పుడు వాపసుకి ఒప్పుకోండి. గుడ్డతో తుడిచి శుభ్రం మాత్రం చేయకండి, ఆ ఎండిన పప్పు కూడా సాక్ష్యమే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ విషయంలో కొంచెం సుఖం. అక్కడ ప్రభుత్వమే 2011లో సేఫర్‌ప్రొడక్ట్స్ అని ఒక సైటు తెరిచింది. ఎవరైనా ఫలానా వస్తువుతో ప్రమాదం జరిగిందని రాస్తే అది కంపెనీకి వెళ్తుంది, జవాబిచ్చుకునే అవకాశం వాళ్లకిచ్చి, మామూలుగా పది పనిదినాల్లో అందరికీ కనబడేలా పెట్టేస్తారు. మన 1915లో మీరిచ్చిన ఫిర్యాదు మీ పక్కింటావిడకు కనబడదు, అదే కుక్కర్ ఆవిడా కొని ఉండొచ్చు. నా మటుకు నాకు మన దగ్గరున్న పెద్ద లోటు ఇదే అనిపిస్తుంది. అందుకే రివ్యూ ఉంచమంటున్నాను.

ప్రశ్న: మాది ఏటికొప్పాక. అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసి ఇన్‌స్టాలో అమ్ముతున్నాం. ‘సో క్యూట్’ అని హార్ట్‌లు బోలెడు వస్తాయి గానీ, పిల్లలకు సేఫా కాదా అన్నది ఎవరూ చెప్పరు. కొన్నవాళ్లని ఎలా అడగాలి?
– ఒక బొమ్మల తయారీదారు

జవాబు: ‘మా బొమ్మ నచ్చిందా’ అని అడిగితే హార్ట్‌లే వస్తాయి తమ్ముడూ. అడిగే మాట మార్చండి, అడిగే టైం కూడా మార్చండి. పార్శిల్ విప్పిన రోజు అందరికీ అంతా బాగానే ఉంటుంది. ఒక నెల ఆగి వాట్సాప్‌లో నాలుగు ప్రశ్నలు పంపండి, తెలుగులోనే, ఫోన్‌లో అరనిమిషంలో అయిపోయేలా. ఆడుకుంటున్న పాపకో బాబుకో వయసెంత? బొమ్మ నోట్లో పెట్టుకుంటున్నారా? చెయ్యికో మూతికో రంగు అంటిందా? ఏదైనా ముక్క ఊడిందా, ఊడితే ఫొటో పెడతారా?

వయసు ప్రశ్న మాత్రం వదలొద్దు. మీరు ఐదేళ్ల పిల్లకని చేసిన బండి, ఆ ఇంట్లో పాకే చంటాడి నోట్లో ఉండొచ్చు. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో గొంతుకు అడ్డంపడే చిన్న ముక్కలు ఉండకూడదని నిబంధన. దాన్ని చూడ్డానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక గొట్టం వాడతారు, లోపల అడుగు ఏటవాలుగా ఉంటుంది, ఒకవైపు లోతు 25.4, రెండోవైపు 57.1. ఏ ముక్కైనా నొక్కకుండా అందులో పూర్తిగా దిగిపోయిందంటే అది చిన్న ముక్క కిందే లెక్క. దీన్ని ఎక్కడో కొనక్కర్లేదు, లేత్ మీద పుట్టి పెరిగిన ఊరు మీది, అంకుడు కర్రతోనే ఒకటి తిప్పుకోండి. చక్రాల శీలలు, పూసలు, కిరీటాల బొడిపెలు అన్నీ అందులో వేసి చూడండి.

ఇంకో పని, ప్రతి లాటుకీ ఒక నంబర్ వేసి బొమ్మ అడుగున రాయండి. ‘ఎరుపు పోయింది’ అని ఎవరో అంటే అది ఏ రోజు కాచిన లక్కో తెలియకపోతే ఆ మాట ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

లెక్కల దగ్గర ఒక జాగ్రత్త. వందమందిలో ఒకరు రంగు బాలేదంటే అది వాళ్ల టేస్ట్ అని వదిలేయొచ్చు. ముక్క ఊడి నోట్లోకి పోయిందని ఒక్కరంటే మాత్రం మిగతా 99 మంది హార్ట్‌లూ పక్కన పెట్టి ఆ లాటు అమ్మకం ఆపేయాలి, కొన్నవాళ్లందరికీ మెసేజ్ పెట్టాలి. సేఫ్టీలో సగటు చూడకూడదు. ఆ కామెంట్‌ని డిలీట్ చేయకుండా దాని కిందే ఏం చేశారో రాయండి.

భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు, హస్తకళల శాఖలో నమోదైన కళాకారుల బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు నుంచి మినహాయింపు ఉంది, మీకు తెలిసే ఉంటుంది. అది మార్కు వరకే, బొమ్మ వల్ల పిల్లకేమైనా అయితే బాధ్యత మీదే. ఇంకోమాట, సేఫ్టీ కోసమని తీసుకున్న ఫోన్ నంబర్లకు సంక్రాంతి ఆఫర్లు పంపకండి, రెండోసారి అడిగితే ఒక్కరూ జవాబివ్వరు.

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ ఛార్జింగ్ పెడితే కాలిన వాసన వస్తోంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ‘ఈ మోడల్‌లో అందరికీ ఉండేదే’ అంటున్నారు. మా వాట్సాప్ గ్రూప్‌లో ఇంకా ఆరుగురిదీ ఇదే గోల. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఇంట్లో ఛార్జింగ్ పెట్టడం ఆపండి, ఈ జవాబు మిగతాది తర్వాత చదవొచ్చు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ ఏడాది దేశంలో జరిగిన ఇలాంటి ప్రమాదాల తర్వాతే కేంద్రం నిపుణుల కమిటీ వేసి బ్యాటరీ భద్రతా నిబంధనలు గట్టిచేసింది.

‘అందరికీ ఉండేదే’ అన్నారు చూడండి, అదే మీ ఫిర్యాదుకి బలం. ఒక్కరికే అయితే మీ వాడకం మీద తోసేస్తారు, అందరికీ అంటే తయారీలో లోపమేమోనని ఎవరికైనా అనుమానం రావాలి. కాకపోతే వాట్సాప్ గ్రూప్‌లో పెట్టే వాయిస్ మెసేజ్‌లు ఎవరి లెక్కలోకీ రావు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రీకాల్ (లోపమున్న వాహనాల్ని కంపెనీ వెనక్కి పిలిచి సరిచేయడం) నిబంధనల ప్రకారం, ఏడేళ్లలోపు వాహనాల్లో ఒకే భద్రతా లోపం మీద వచ్చిన ఫిర్యాదులు అమ్మకాలను బట్టి పెట్టిన ఒక సంఖ్య దాటితే, తప్పనిసరి రీకాల్‌కు ఆదేశించవచ్చు. అంటే తలలు లెక్కపెడతారు. అందుకని ఏడుగురి తరఫున ఒకరు కాకుండా ఎవరికి వాళ్లు వాహన్ రీకాల్ పోర్టల్‌లో ఇవ్వండి, 1915కి కూడా. ఛాసిస్ నంబర్, బ్యాటరీ సీరియల్ నంబర్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, వాసన ఛార్జింగ్ మొదట్లోనా చివర్లోనా, ఇవి ఏడుగురూ ఒకే తీరులో రాస్తే పోల్చి చూడ్డం తేలిక.

సర్వీస్‌కి ఇచ్చినప్పుడు జాబ్ కార్డు చూసుకోండి. మీరు కాలిన వాసన అని చెప్తే వాళ్లు ‘జనరల్ చెకప్’ అని రాస్తారు. దాని మీద సంతకం పెట్టకండి, మీ మాట మీ మాటగా రాయించాకే పెట్టండి.

ప్రశ్న: గీజర్ కొందామంటే వేల రివ్యూలున్నాయి. సేఫ్టీ సంగతి తెలియాలంటే ఏవి చదవాలి?
– ఒక విద్యార్థిని తండ్రి, అనంతపురం

జవాబు: ఐదు స్టార్లవి వదిలేయండి. ‘డెలివరీ ఫాస్ట్, ప్యాకింగ్ సూపర్’ అంటే అది కొరియర్ కుర్రాడికి ఇచ్చిన మార్కులు. రెండు, మూడు స్టార్లవి చదవండి, వాటిలో కోపం తక్కువ, విషయం ఎక్కువ. సెర్చ్ బాక్స్‌లో షాక్, లీక్, వాసన, ఎర్త్ లాంటి మాటలు కొట్టి చూడండి. కొని ఆర్నెల్లు దాటాక రాసినవి దొరికితే ముందు వాటిని పట్టుకోండి. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు పెట్టకూడదని బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది గానీ, దాన్ని పాటించడం సైట్ల ఇష్టానికే వదిలారు, కాబట్టి ఒకే రోజు ఒకే మాటలతో ఇరవై పొగడ్తలు కనబడితే మీరే అర్థం చేసుకోవాలి. గీజర్‌కి ఐఎస్‌ఐ మార్కు ఉందో లేదో ముందు చూడండి, లేకపోతే రివ్యూల దాకా వెళ్లే పనే లేదు. బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చెక్ చేయించండి, అది ఏ రివ్యూలోనూ తెలియదు.